తోమిన నాణేలు

డబ్బా మూత తీయగానే నాణేల వ్యాపారి, "వీటినెవరు తోమారు?" అన్నాడు.

నేనూ డబ్బాలోకి తొంగి చూశాను. ముప్పై ఏళ్ళుగా పోగేసిన పాత నాణేలు కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి.

"నేనేనండీ, నిమ్మచెక్కతో," అంది మా ఆవిడ సంబరంగా. "అమ్మేముందు శుభ్రంగా ఉండొద్దూ?"

"తోమితే పాతదనం పోతుందమ్మా. ఇక తూకానికే పనికొస్తాయి. కేబుల్ టీవీ రేట్లు పెరిగాక ఇలా వచ్చినవాళ్ళలో మీరు నాలుగోవారు. తోమని నాణేలు దొరక్క వాటి ధర రెట్టింపైంది."

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకండి!" అని అరిచాను.

ఆయన నన్ను వదిలేసి, "మధ్యాహ్నాలు ఏం చేస్తుంటారమ్మా?" అని ఆవిడనడిగాడు.

"రేటు పెరిగిందని ఈయన కనెక్షన్ పీకించేశారుగా. ఏమీ తోచక, ఒక్కో నాణెం తోముతూ దాంతోనే కబుర్లు చెప్పేదాన్ని. ఇంట్లో మాట కలిపేవాళ్ళెవరున్నారు?"

డబ్బా మూత వేశాను. ఆ మధ్యాహ్నాలన్నీ నేను పక్కగదిలోనే పేపరు చదువుకుంటూ ఉన్నాను.