ఇరవయ్యో కోడి

“పందొమ్మిది ట్యూబులు సాఫ్. ఇరవయ్యోదే గడబిడ జేసింది” అంది నాచారం ల్యాబులో త్రివేణి, రిపోర్టు ముందుకు జరుపుతూ.

రెబెక్కా రిపోర్టు అందుకుంది. “బర్డ్ ఫ్లూనా మేడం? కోళ్లన్నీ సస్తయా?”

“చంపే రకం కాదమ్మా, మెత్తటి రకం. జలుబు లెక్క వచ్చి పోతది. పోయినా నెత్తురుల దాని ఆనవాలు మిగులుతది. మేం ఎతికేది గా ఆనవాలునే. నెత్తురు ఎవరు తీసిన్రు?”

“మా మేనమామ. టీకాల డాక్టర్ ఎంట తిరిగి నేర్చుకున్నడు.”

“మాస్కు పెట్టుకొమ్మను.”

మాస్కు సంగతి దేవుడెరుగు, నోటికి తాళం వేసుకుంటే చాలనుకుంది రెబెక్కా. మేనమామ జోసఫ్ చదివింది నాలుగో తరగతి, చేసేవి నలభై రకాల వేషాలు. గుడ్డులో రెండు సొనలు కనబడితే ‘కవలలు పుట్టిన్రు, మిఠాయి పెట్టు’ అని ఉప్పల్ హాస్టల్ మేనేజర్ దుర్గేష్‌ను పట్టుకున్న ఘనుడు.

ఆ దుర్గేష్ పొద్దున్నే ఖరాఖండీగా చెప్పాడు: “ఇరవైకి ఇరవై సాఫుంటేనే మా పిల్లలకు మీ గుడ్లు.” చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయిపోయిన నారపల్లిలో ఆమె కోళ్ల షెడ్డు నిలవాలంటే ఆ ఒక్క ఆర్డరే దిక్కు.

షెడ్డు ముందు జోసఫ్ పసుపు రింగుకు తగిలించిన స్కూటర్ తాళం వేలితో గిరగిరా తిప్పుతున్నాడు. “ఏం కోడలుపిల్లా, కోళ్లు పాసైనయా?”

“ఒకటి ఫెయిలైంది. ఇరవయ్యోది. యాడుంది మామా అది?”

జోసఫ్ నవ్వబోయాడు, దగ్గొచ్చింది. ఆదివారాలు ఉప్పల్‌లో దోస్తు చికెన్ కొట్టులో కూర్చోవడం మొదలుపెట్టిన నెల నుంచీ ఆ దగ్గు అతణ్ని వదల్లేదు.

“ఫెయిలా? గది మస్తు తెలివైన కోడి!”

“నీ పరాచికాలు పక్కన పెట్టు. నెత్తురు తీసిన ప్రతి కోడి కాలికీ నంబరు రింగు ఎయ్యమన్న గదా. దేవులాడు.”

ఇద్దరూ పొట్టు మీద పాకుతూ, ఆరు వందల కోళ్ల కాళ్లు చూశారు. మధ్యాహ్నం దాటింది. పందొమ్మిది రింగులు దొరికాయి. ఇరవయ్యోది లేదు.

“మామా, కోసుక తిన్నవా?”

“ఏసయ్య మీద ఒట్టు, తినలే.”

“ఆ రోజు మోచేతికి దూది అంటించుకొని వచ్చినవ్. ఇరవయ్యోది గీరింది, మొండిదని నువ్వే జెప్పినవ్. గుర్తువట్టలేవా?”

“గుర్తువడుత” అన్నాడు జోసఫ్. ఎందుకో ఈసారి నవ్వలేదు.

రెబెక్కా కొంగుతో మొహం తుడుచుకుంది. “గా ఒక్కటి దొరికితే దాన్ని పక్కకు దీసి మల్ల పరీక్ష జేపిస్తుంటి. ఇంక నాతోని కాదు. లారీకి ఫోన్ జేసిన. అన్నిటినీ ఎక్కిస్త. షెడ్డు ఈ రోజుతో బంద్.”

గేటు దగ్గర హారన్ మోగింది. డ్రైవర్ దిగి ఖాళీ బుట్టలు దించుతున్నాడు. జోసఫ్ పరుగున వెళ్లి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

“ఎక్కియ్యకు కోడలా! నీ కోళ్లు మంచిగున్నయ్. అన్నీ సాఫే.”

“మరి ఇరవయ్యోది?”

“అది షెడ్డులనే ఉంది. మూడు పూటలా నీ చేతి బువ్వనే తింటది.”

“మామా, నీకు దండం బెడత. ఇయ్యాల గూడ హాస్యమేనా?”

“ఆ రోజు పందొమ్మిది పట్టేసరికి నా నడుం ఇరిగింది. ఇరవయ్యోది చేతికి చిక్కి ఎగిరిపాయె. ల్యాబు బందయ్యే టైమాయె. నెత్తుర్ల ఏం కనబడతది, అన్నీ ఎర్రగనే ఉంటయ్ గదా అనుకున్న.”

అతను తాళం పైకెత్తాడు. పసుపు రింగు మీద ఇరవై అని ఉంది.

“ఆ ట్యూబుల పోసింది నా నెత్తురే, బిడ్డా.”