దారం కట్టిన సీస

"నిజం చెప్పమ్మా. గోలీ రోజూ మింగుతున్నవా, లేదా?"

డాక్టరమ్మ రిపోర్టు మీదికెంచి తల లేపి అడిగింది. సంధ్య మొఖమంత ఉబ్బి ఉంది. గొంతు బొంగురువోయింది.

"మింగుతున్న మేడం. పొద్దుగాల లేవంగనె, పరగడుపుననే."

"మొదటి సీసకు ఎంత మంచిగైనవ్! ఈ రెండో సీసకు మళ్ల మొదటికే వచ్చినవ్. థైరాయిడ్ తక్కువైతే ఒంట్ల అన్ని మెల్లగైతయమ్మా. నడక, మాట, మతి, ఆఖరుకు గుండె గూడ. ఎక్కువైతే అన్నీ ఉరుకుతయి. దీంతోటి ఆటలాడొద్దు."

"మింగుతలేదు మేడం," అన్నడు మొగడు ఓంప్రకాశ్. "మొన్న బడికాడ బిడ్డను తీస్కరాను మర్సిపోయింది. పొల్ల రెండు గంటలు గేటుకాడ నిలవడి ఏడ్సింది."

సంధ్య తల కిందికేసింది. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

ఇంటికొచ్చినంక బండి దిగుకుంటనే అన్నడు. "రేపు పొద్దుగాల ఎర్రవల్లిల మీ అవ్వగారింటికాడ దింపుత. బిడ్డ కృతిక గీడనే ఉంటది. నిన్ను నమ్మి పొల్లనియ్య."

"నీ కాల్మొక్కుత... నేను మింగుతున్ననయ్యా!"

"మరి మందు ఏడికి వోతుందే?" అత్త పెంటవ్వ గడపల నిలవడి అందుకుంది. "నాలుక కింద దాసి, చాటుంగ ఉమ్ముతుండొచ్చు."

మగ్గం గుంటలకెంచి మామ బాలనర్సయ్య కేకేసిండు. "నోరు ముయ్యే! నా ముంగటనే మింగుతది రోజు. మతిమరుపుల ఒకదానికొకటి తీస్కుంటదని, ఈ రెండో సీస తెచ్చిననాడే వర్గల్ సరస్వతమ్మ గుడి దారం నేనే గట్టిన ఆమె సీసకు. దారమున్నది నీది బిడ్డా అని చెప్పిన."

"నీ కండ్లకు పోగు తెగింది గూడ కనవడది, నువ్వొక సాక్షివా!"

ఇంట్ల సంధ్యను నమ్మేది ఆయనొక్కడే. ఆయన గూడ నెల సంది బక్కగైతుండు. మగ్గం మీద నాడె ఇసిరితే చెయ్యి వణుకుతుంది. కూసున్నకాడనే చెమటలు. దవాఖానకు పోదామంటే, "నాకేమైంది, చక్కెర బీమారి పాతదే కదా. ముందుగాల కోడలు మంచిగ గానీ," అంటడు.

తెల్లారింది. సంధ్య బ్యాగు గడపకాడ ఉంది. ఓంప్రకాశ్ బండి తాళాలు పట్టుకొని నిలవడ్డడు. కృతిక ఇంక లేవలే.

పెంటవ్వ మామకు చాయ పోసింది.

"చప్పగుందే. నెల సంది గిదే కత. చక్కెరకు బదులు తీపి గోలీ ఎయ్యలేదా?"

"రెండేసిన."

"ఇంకోటెయ్యి."

"నెల కింద డబ్బి పలిగితే, కోడలి ఖాళీ సీస కడిగి అండ్ల గివి పోసి, ఆమె కొత్త సీస పక్కనే దాసిన. గట్లనే ఏస్తె ఎన్ని దినాలొస్తయి?" అనుకుంట సీస వంచి ఇంకోటి ఏసింది. ఆయన గిలాస అందుకున్నడు. చాయ తొణికి ధోతి మీద పడ్డది.

"ఏందో, గుండె ఉరుకుతున్నట్టుంది," అని రొమ్ము పట్టుకున్నడు.

"నీ గుండె తర్వాత. ముందుగాల దీని సంగతి." పెంటవ్వ కోడలి దిక్కు తిరిగింది. "తియ్యి నీ సీస. అందరి ముంగట మింగు."

సంధ్య దారం కట్టిన సీస తీసి, తెల్లగోలీ ఒకటి అరచేతిల ఏస్కుంది. నీళ్ల చెంబు అందుకోబోతే పెంటవ్వ పక్కకు జరిపింది.

"నీళ్లొద్దు. నీళ్లు తాగినట్టు జేసి దాస్తవ్. నమిలి మింగు. నేను జూడాలె."

"గోలీ ఎవలన్న నములుతరానె?" అన్నడు మామ. "దొంగ అనుకుంటున్నవా దాన్ని?"

"దొంగ కాకపోతె నములుతది."

సంధ్య మొగని మొఖం జూసింది. ఆయన బ్యాగు దిక్కు జూస్తుండు. ఇదొక్కటి నమిలితే బిడ్డకాడ ఉండనిస్తరేమో అనుకుంది. చేదైనా సరే, ఇషమైనా సరే. కండ్లు మూసుకొని గోలీ పండ్ల కింద పెట్టి కొరికింది.

నమిలింది. ఆగింది. మళ్ల నమిలింది.

కండ్లు తెరిచి, మామ చేతిల వణుకుతున్న చాయ గిలాస దిక్కే జూసింది.

"అత్తమ్మా... గిది తియ్యగుంది."