రాయని చీటీలు

మార్లిస్‌కి ఆ సాయంత్రం కాలు ఒకచోట నిలవలేదు. బడి భోజనాల హాల్లో కుర్చీలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మంచుగాలితో పాటు ఎవరో ఒకరు లోపలికి వస్తున్నారు. ఎవరా అని ఆవిడ మెడ చాచి చూస్తోంది.

గుమ్మంలో టీవీ వాళ్ళు పంపిన అమ్మాయి ఒకతి అట్ట పట్టుకుని నిలబడింది. వచ్చినవాళ్ళనల్లా ఆపి ఏదో అడుగుతోంది. మావాళ్ళు జవాబు చెప్పి, నవ్వుకుంటూ లోపలికి వస్తున్నారు.

"అడిగిందా?" అంది మార్లిస్, పందుల ఫారం గ్యారిట్ కోటు విప్పుతుంటే.

"అడక్కేం! ఠకీమని చెప్పేశా అక్కా."

"మంచి పని చేశావ్. పద, ముందు వరసలో కూర్చో."

అధ్యక్ష పదవికి మా పార్టీ తరఫున ఎవరు నిలబడాలో దేశంలో అందరికంటే ముందు తేల్చేది మా అయోవా రాష్ట్రం వాళ్ళమే. తేల్చేది మేమేనని పేరు, అంతే. వాషింగ్టన్‌లో సూట్ల వాళ్ళూ టీవీల్లో టైల వాళ్ళూ కలిసి ముందే ఒకణ్ణి ఖాయం చేసి పెడతారు. వాడు ఓట్లప్పుడు మా చర్చికొచ్చి మోకరిల్లుతాడు, గెలిచాక మా మొహం చూడడు. ఈసారి వాళ్ళు ఖాయం చేసినవాడు హాల్‌స్టెడ్.

మార్లిస్ మనిషి టాలివర్. డొక్కు వ్యానులో తిరిగాడు పాపం. ఆవిడ వంటింట్లో కూర్చుని రూబార్బ్ పై అనే తీపి వంటకం అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నాడు. మా ఊళ్ళో కాన్పుల ఆసుపత్రి మూతపడ్డ సంగతి ఎత్తినవాడు అతనొక్కడే. మార్లిస్ మనవరాలు దారిలో, కారులోనే పుట్టింది మరి. ఆసుపత్రి తెరిపిస్తానని ఆ పసిదాని చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు.

ఇవాళ రెండో స్థానమైనా రాకపోతే రేపే పోటీ నుంచి తప్పుకుంటానని అతను ముందే చెప్పేశాడు. మార్లిస్ కంగారంతా అందుకే.

అతని కోసం ఆవిడ చెయ్యని పని లేదు. ఇల్లిల్లూ తిరిగింది. ఆదివారం ఆదివారం రేడియోకి ఫోన్ చేసి టీవీ వాళ్ళని చెడామడా కడిగేసేది. ఆవిడ గొంతు వినడానికే రాష్ట్రమంతా ట్రాక్టర్లు ఆపుకునేవారంటే నమ్మండి.

దాణా కొట్టు డెల్మర్ ఆ రాత్రికి సభాధ్యక్షుడు. ప్రార్థన అయింది. జెండాకి వందనం అయింది.

"తలా ఒక తెల్లచీటీ ఇస్తాను. పేరు రాసి ఈ పాప్‌కార్న్ డబ్బాలో వెయ్యండి. ముందు ఎవరి మనిషి గురించి వాళ్ళు రెండు ముక్కలు చెప్పుకోండి. మార్లిస్, నువ్వు మొదలెట్టు. రెండు ముక్కలన్నాను, గుర్తుంచుకో!"

హాలంతా నవ్వింది. మార్లిస్ లేచింది. కారులో పుట్టిన మనవరాలి సంగతి ఎత్తుకుంది. వెనక వరసల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అంతలో ఎవరి జేబులోనో ఫోను గుర్రుమంది. పక్క జేబులో ఇంకోటి. ఆ తర్వాత హాలంతా.

"హాల్‌స్టెడ్ గెలిచేశాడట!" అన్నాడు గ్యారిట్.

"ఎక్కడ?"

"ఇక్కడే, మన అయోవాలోనే! టీవీలో చెప్పేశారు!"

"చీటీలింకా పంచనే లేదు కదయ్యా!" అన్నాడు డెల్మర్, చీటీల కట్ట చేత్తో పట్టుకునే.

కుర్చీలు కిర్రుమన్నాయి. తిట్లు మొదలయ్యాయి. ఒకాయన టోపీ నేలకేసి కొట్టాడు.

"కూర్చోండ్రా నాయనలారా!" అని అరిచాడు డెల్మర్.

"ఎందుక్కూర్చోవాలి? వడ్డన అయిపోయాక కూరలు తరగడానికా?" అంటూ గ్యారిట్ కోటు తొడుక్కున్నాడు.

మార్లిస్ పరుగున వెళ్ళి తలుపుకి అడ్డం నిలబడింది. "మొదటిది పోతే పోయిందిరా! రెండోది వచ్చినా చాలు మనకి! చీటీ రాసి పోండి, మీ కాళ్ళు పట్టుకుంటా!"

"ఇంటి దగ్గర పంది ఈనబోతోందక్కా. గెలిచినవాడెవడో వాళ్ళే చెప్పేసుకుంటే ఇంక మన రాతలెందుకు? తప్పుకో."

తప్పుకోక ఏం చేస్తుంది! సగం హాలు ఖాళీ అయింది. మండిపడి లేచినవాళ్ళంతా టాలివర్ మనుషులే. హాల్‌స్టెడ్ మనుషులు హాయిగా కూర్చుని చీటీలు రాసుకున్నారు.

డబ్బా బోర్లించి లెక్కపెడితే టాలివర్ మూడోవాడు. కాసేపటికి రాష్ట్రం లెక్కా వచ్చింది. అక్కడా మూడోవాడే, వెంట్రుకవాసి తేడాతో.

గోడ మీద టీవీలో టాలివర్ టోపీ తీసి అందరికీ దణ్ణం పెట్టాడు. తప్పుకుంటున్నానన్నాడు. పక్కన భార్య కళ్ళు నేలమీదే ఉన్నాయి. మార్లిస్ ఆ టీవీ వంక చూడలేకపోయింది. ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. గుమ్మంలో ఆ అమ్మాయి చేతితొడుగులు వేసుకుంటోంది. విసవిసా నడిచి దాని ముందు నిలబడింది.

"ఏమే పిల్లా! మేం పెన్ను పట్టకముందే మా మనసులో ఏముందో మీ టీవీకి చెప్పిందెవరే? మా నోటికాడ కూడు లాగేశారు కదే!"

ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. "మీరేనండీ. ఎవరికి వేస్తారని అడిగితే ఇక్కడికొచ్చినవాళ్ళంతా హాల్‌స్టెడ్‌కే అన్నారు. మీరూ అదే అన్నారు. అన్ని ఊళ్ళ నుంచీ అలాగే వచ్చిందట. మీరు చెప్పిందే పంపించామండీ."

గుమ్మంలో ఎవరడిగినా హాల్‌స్టెడ్ పేరే చెప్పి, టీవీ వాళ్ళని వెర్రివెంగళప్పల్ని చేద్దామని పోయిన ఆదివారం రేడియోలో రాష్ట్రమంతటికీ నూరిపోసింది మార్లిసే.