అత్తగారి తోముడు

మా అత్తగారు అడుగంటిన గిన్నెను ఎలా తోముతారో, పళ్ళనూ అలాగే తోమేవారు.

గట్టి బ్రష్షు. తెల్లగా మెరిపిస్తానని చెప్పుకునే, ఇసుకలా కరకరలాడే పేస్టు. ఆవిడ మోచేయి తగిలి బాత్రూంలో అద్దం ఊగుతుండేది.

"కాస్త మెల్లగా అత్తయ్యా" అంటే, "తోమడమంటే తోమడమే. నిమరడం కాదు" అనేవారు.

గిన్నెలు మెరిశాయి. పళ్ళు అరిగాయి.

మొదట మంచినీళ్ళకి జివ్వుమన్నాయి. తర్వాత ఐస్‌క్రీం మానేశారు. డబ్బా ఖాళీ చేసి నింద నా మీద వేసే మనిషి, గోరువెచ్చని పాలకే దవడ పట్టుకునేదాకా వచ్చారు.

"వయసైపోయింది. అన్నీ పీకించేసి కట్టుడు పళ్ళు పెట్టించుకుంటా" అని డెంటిస్టు దగ్గర నెలాఖరుకి తేదీ కూడా తీసుకున్నారు.

మా ఆయన "నీ ఇష్టం అమ్మా" అన్నారు. ఆయనకి చేతనైన సాయం అది.

నేను దుకాణానికి వెళ్ళాను.

మెరిపించేవి, మండించేవి, నురగ పొంగించేవి అన్నీ దాటుకుని, జివ్వుమనే పళ్ళ కోసమని రాసి ఉన్నది తీసుకున్నాను. దానికి జోడీగా మెత్తటి బ్రష్షు.

ఆవిడ కాస్త పేస్టు వేలికి రాసి చూసుకున్నారు.

"గరుకే లేదు. ఇది పేస్టా, మొహానికి రాసుకునే క్రీమా?"

"ఎలాగూ పీకించుకునే పళ్ళేగా అత్తయ్యా. పోయేలోపు కాస్త ముద్దు చేయండి."

నా వంక అనుమానంగా చూశారు. బ్రష్షు మాత్రం అందుకున్నారు.

బాత్రూంలో అద్దం ఊగడం మానేసింది.

నెలాఖరు దగ్గరపడ్డాక, ఓ మధ్యాహ్నం ఫ్రిజ్ తలుపు చప్పుడైంది.

వెళ్ళి చూస్తే అత్తగారి చేతిలో పుల్ల ఐస్‌క్రీం. నాకడం లేదు. ముందరి పళ్ళతో కొరుకుతున్నారు.

నన్ను చూసి కూడా ఆగలేదు. ఇంకో ముక్క కొరికారు.

"అది మీ అబ్బాయిది" అన్నాను.

"వాడికి పళ్ళు పాడవుతాయిలే."

పుల్ల ఒక్కటే మిగిలాక, మూతి తుడుచుకుని డెంటిస్టుకి ఫోన్ చేశారు. నేను మిక్సీ వేయబోయి ఆగాను.

"రేపు రావట్లేదమ్మా. పళ్ళు బాగానే ఉన్నాయి. మరీ... నేనే..." ఆ తర్వాతది గొంతులోనే గొణిగారు.

అటువైపు అమ్మాయికి వినబడలేదు కాబోలు.

అత్తగారు నా వైపు వీపు తిప్పుకున్నారు.

"తప్పు నాదేనమ్మా అంటున్నా! మా కోడలు ముందే చెప్పింది."