గోడ దగ్గరి మెషిన్

“మళ్లీ వచ్చాడు మేడమ్, ఆ ముసలాయన,” అన్నాడు అటెండరు.

ఆవిడ తలెత్తలేదు. పోర్టులో దుమ్మూ పొగా కొలిచే ఇంజినీరు ఆవిడ. ఆరేళ్లుగా కొలుస్తూనే ఉంది. కొలిచీ కొలిచీ మనిషే అరిగిపోయింది.

“ఏం కావాలట?”

“మీతోనే చెప్తాడట. ఇంకేముంటుంది మేడమ్, నష్టపరిహారమో, కొడుక్కి ఉద్యోగమో.”

“పనుందని చెప్పు. రేపు రమ్మను.”

పనున్న మాట నిజమే. బొగ్గు గుట్టల అవతల, ప్రహరీని ఆనుకుని ఒక బడి ఉంది. అక్కడి పిల్లలు దగ్గుకీ దగ్గుకీ మధ్య పాఠం చదువుతారు. ఓడ నుంచి గుట్టకి బొగ్గు మోసే బెల్టుకి కప్పు వేస్తే సగం దుమ్ము తగ్గిపోతుంది. పోర్టు బోర్డు అందుకు ఒప్పుకోవాలంటే, ప్రహరీ దగ్గర పెట్టిన మెషిన్‌లో దుమ్ము హద్దు దాటినట్టు కనిపించాలి.

ఆ పాడు మెషిన్ ఆరేళ్లలో ఒక్కసారీ హద్దు దాటలేదు! బడి కిటికీలు నల్లబడుతున్నాయి, అంకె మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. ఆవిడ మెషిన్ కంపెనీ వాళ్లని రెండుసార్లు పిలిపించింది. మెషిన్ బంగారంలా ఉందన్నారు.

నెలాఖరున ఆఖరి రిపోర్టు. ఈసారీ హద్దు దాటకపోతే ఫైలు మూసేస్తారు. మళ్లీ తెరిచేది ఐదేళ్లకే.

ఒక మధ్యాహ్నం ముసలాయన మెట్ల మీద ఆవిడకి అడ్డొచ్చాడు.

“అమ్మా, ఒక్క మాట. ఆ గోడ దగ్గరి మెషిన్ అబద్ధం చెప్తోందమ్మా.”

అసలే ఒళ్లు హూనమై ఉంది. ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది.

“మెషిన్‌కి అబద్ధాలు రావు పెద్దాయనా. మనుషులకే వస్తాయి.”

“నిజమేనమ్మా, అందుకే వచ్చాను. నువ్వొక కాగితం రాసిస్తే...”

కాగితం! ఎవరైనా చివరికి అక్కడికే వస్తారు.

“రేపు రండి,” అని కారెక్కింది.

ఆయన రేపూ వచ్చాడు, ఎల్లుండీ వచ్చాడు. కాళ్లరిగేలా తిరిగాడు. వరండాలో బెంచీ మీద దగ్గుతూ కూర్చునేవాడు. పదకొండో రోజు రాలేదు. నిజం చెప్పాలంటే, అమ్మయ్య అనుకుంది ఆవిడ.

రిపోర్టు వెళ్లింది. అంకె హద్దు దాటలేదు. ఫైలు మూసేశారు.

బడి పంతులమ్మ ఫోన్ చేసింది. “ఏమైందండీ?”

“కాలేదండీ.”

 ఆ రోజు ఆవిడకి అన్నం సయించలేదు.

రెండు వారాలకి, నాలుగు రోజుల పాటు మెషిన్ అంకె ఒక్కసారిగా ఎగిరింది. హద్దుకి రెండింతలు! అంకెలు టేబుల్ మీది కంప్యూటర్‌కే వస్తాయి కనుక ఆవిడ ఎప్పుడూ పొద్దున్నే అటు వెళ్లింది లేదు. ఐదో రోజు ఆరింటికే వెళ్లింది.

అక్కడ, బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లే ట్యాంకరు ఆగి ఉంది. డ్రైవరు పైపు పట్టుకుని మెషిన్ చుట్టూ నాలుగు పక్కలా నేల బురదయ్యేలా తడుపుతున్నాడు.

“ఏం చేస్తున్నావయ్యా!”

“బండి నాలుగు రోజులు రిపేరులో ఉంది మేడమ్, ఇప్పుడే తెచ్చాను. ఏ ట్రిప్పైనా ముందు ఇక్కడ పోశాకే గుట్టల వైపు వెళ్తాను. ఖరీదైన మెషిన్ కదా, దుమ్ము పడితే పాడైపోదూ?”

ఆవిడ బురద నేల వైపూ మెషిన్ వైపూ చూసింది. 

“ఇలా చెయ్యమని నీకెవరు చెప్పారు?”

“నాకు ముందు చేసిన డ్రైవరు బాబాయ్ మేడమ్. ఎవరూ చెప్పకుండానే మొదలెట్టాడట, మెషిన్ మీద ప్రేమతో. రిటైరవుతూ బండి తాళం నా చేతిలో పెట్టి మరీ చెప్పాడు.”

“ఆయనెక్కడుంటాడు? వెంటనే మాట్లాడాలి.”

“ఇంకెక్కడ మేడమ్, పోయి మూడు వారాలైంది. ఊపిరితిత్తులు.”

డ్రైవరు పైపు కట్టేశాడు.

“దుమ్మే లేదని మెషిన్ చెప్తోందని వాళ్ల మనవరాలి బళ్లో అన్నారట. లబలబలాడుతూ వచ్చాడు, మనం తప్పు చేశాంరా, ఇక్కడ నీళ్లాపెయ్ అని. ఆర్డరు లేకుండా నేనెలా ఆపుతాను బాబాయ్ అన్నాను. మేడమ్ చేత రాయించుకొస్తా ఉండు అని, ఆ దగ్గుతోనే రోజూ మీ ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు.”