అట్టవేలు

"ఇదేం రాతమ్మా! మాటకీ మాటకీ మధ్య లారీ తిప్పుకోవచ్చు," అంటూ హెడ్మాస్టరు పిల్ల నోటుపుస్తకాన్ని టీచరమ్మ బల్ల మీద పడేశారు. "గంట కొట్టేలోగా ఒక్క పేజీ సరిగ్గా రాయించండి. లేదంటే రాత నేర్పే మీ బొమ్మలు గోడ దిగుతాయి, ఈ పిల్ల కింది తరగతికి దిగుతుంది."

ఆయన వెళ్లగానే టీచరమ్మ గడియారం చూసింది. పది నిమిషాలుంది. మళ్లీ చూసింది. అది కూడా కక్షగట్టినట్టు పరుగెడుతోంది.

"పిచ్చుకా, గోడకి ఏం బొమ్మ అంటించానే? మాటకీ మాటకీ మధ్య ఎన్ని వేళ్లు?"

"ఒక్క వేలు టీచర్. ఒక్కటే పెట్టా," అంది పిచ్చుక ఏడుపు మింగుతూ.

"ఏదీ, నా ముందు రాయి."

పిచ్చుక ఒక మాట రాసింది. సంచిలోంచి అట్టవేలు తీసి, దాని పక్కన ఆనించింది. అది దాటాకే రెండో మాట మొదలుపెట్టింది.

గుర్తుగా ఉంటుందని టీచరమ్మే కత్తిరించి తలా ఒకటి ఇచ్చిన అట్టవేళ్లవి. మిగతా పిల్లలవి ఎప్పుడో విమానాలై కిటికీలోంచి ఎగిరిపోయాయి. ఈ ఒక్క పిల్లే దాచుకుంది.

టీచరమ్మ ఆ అట్ట మీద తన వేలు పెట్టింది. అతికినట్టు సరిపోయింది. పక్కనే పిచ్చుక వేలు చిక్కుడుకాయంత ఉంది.

గంట మోగింది.

"అయిందా?" అన్నారు హెడ్మాస్టరు గుమ్మంలోంచి.

"లేదండీ. నా వేలు కొలిచి పిల్లలకిచ్చాను. కింది తరగతికి పంపాలంటే నన్ను పంపండి."

ఆవిడ వెనకాల పిచ్చుక శ్రద్ధగా నాలుక కొస బయటపెట్టి, కొత్త అట్ట మీద తన వేలి చుట్టూ గీత గీసుకుంటోంది.