ఇరవై కిలోలు

"ఇరవై కిలోలు ఎక్కువొచ్చిందిరా కృష్ణా!"

కాటా దగ్గర గొంతుక్కూర్చున్న అస్లాం ఆ మాట అనగానే శ్రీకృష్ణ ముఖం వాడిపోయింది. పర్చూరులో ట్రాక్టర్లు బాగుచేసే శ్రీకృష్ణ మూడేళ్లుగా తన షెడ్డులోనే ఒక్క మనిషి ఎగిరే చిన్న విమానం కడుతున్నాడు. వెల్డింగంతా స్నేహితుడు అస్లాందే. పెట్రోలు పోయకుండా, మనిషి ఎక్కకుండా రెండువందల ముప్పై కిలోలు దాటకూడదని డ్రాయింగులో ఉంది. ఒక్కో చక్రం కిందా కాటా పెట్టి తూచి మూడూ కలిపితే రెండువందల యాభై తేలింది.

"మళ్లీ తూచు."

"ఎన్నిసార్లు తూచినా అదే విమానం, అదే బరువు. నన్ను తిడితే తగ్గదు."

మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చిన జయకుమారి భర్త వైపు చూసింది. "తేలిగ్గా కట్టమని మొదట్నుంచీ మొత్తుకుంటున్నా కదండీ. ఎండలకి ఇంజను బలం తగ్గుతుందని మీరే అన్నారు."

"డ్రాయింగుకి సరిపోతే చాలు జయా. అంతకన్నా తగ్గించడం దేనికి?" అని విసుక్కున్నాడు. ఇన్నాళ్లూ పెళ్లాం మాట చెవిన పెట్టని మనిషి, కాటా చెప్పేసరికి దారికొచ్చాడు.

ఆ కాటా మామగారు రామాంజనేయులుది. ఆయన కొట్లో ఒకేలాంటివి రెండున్నాయి. ముందు గదిలోది రైతుల దగ్గర మిరపకాయలు కొనడానికి, వెనక గదిలోది తెలగపిండి అమ్మడానికి. ఆ కొట్లోకి వెళ్లే బస్తా చిక్కిపోతుందనీ, బయటికొచ్చే బస్తా బలుస్తుందనీ ఊళ్లో కొందరు గుసగుసలాడేవాళ్లు. శ్రీకృష్ణ వాళ్లతో పోట్లాటకు దిగేవాడు. విమానం అనగానే ఊరంతా పగలబడి నవ్వినప్పుడు, నవ్వకుండా విన్న పెద్దమనిషి ఆయనొక్కడే మరి. సీజనంతా ఆయన గుంటూరు యార్డులోనే ఉండటంతో, జయకుమారే పుట్టింటికి వెళ్లి కాటాను ఆటోలో వేయించుకొచ్చింది.

ఇక కోత మొదలైంది. సీటు కింద ఇనప చట్రం పోయి నవారు వచ్చింది. ముచ్చటపడి మూడు పూతలు వేసిన ఎర్రరంగును గీకేశారు. బ్యాటరీ తీసేసి, ఫ్యాను చేత్తో తిప్పి స్టార్టు చేసేలా మార్చారు.

"చట్రానికి ఈ ఇనప పట్టీలేంట్రా, విమానానికా, ట్రాక్టరు ట్రక్కుకా?"

"నువ్వు కిందపడకూడదని వేశాలేరా," అన్నాడు అస్లాం, వాటిని కోస్తూ.

చివరికి మిగిలింది ముక్కుమీద ఇత్తడితో చేయించుకున్న తన పేరు. శ్రీకృష్ణ దాన్ని కాసేపు తడిమి, తనే ఊడదీశాడు. ఆ రోజు అతన్ని చూస్తే ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపించేది.

మే నెలలో, పత్తికట్టె పీకేసిన చేలో విమానాన్ని చివరిసారి తూచారు. సరిగ్గా రెండువందల ముప్పై. తెల్లారే ఎగరాల్సింది, ఇంజను మొరాయించడంతో ఎండెక్కింది. చేను కొసన పొగాకు ఆరబెట్టే ఎత్తైన బ్యారన్ ఉంది. విమానం పరుగెత్తింది, పరుగెత్తింది, ఎంతకీ లేవలేదు. లేచేసరికి బ్యారన్ గోడ ఎదురుగా ఉంది. శ్రీకృష్ణ పళ్లు బిగబట్టి కంట్రోలు కర్ర లాగాడు. చక్రాలు పైకప్పు మీదుగా జానెడు ఎత్తున దాటిపోయాయి. ఊరు ఊరంతా ఒక్కసారిగా అరిచింది.

ఒక చుట్టు తిరిగొచ్చి దిగగానే జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు. నవ్విన నోళ్లే ఈలలు వేశాయి. గుంటూరు నుంచి అప్పుడే వచ్చిన మామగారి కాళ్లమీద పడ్డాడు శ్రీకృష్ణ.

"మీ కాటాయే నన్ను బతికించింది మావయ్యా! ఆ ఇరవై కిలోలూ అలాగే ఉంటే ఆ గోడకే కొట్టుకునేవాణ్ణి."

రామాంజనేయులు చేలో ఉన్న కాటా దగ్గరికెళ్లి, దానిమీద తను పెట్టుకున్న గుర్తు చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. కూతుర్ని రెక్క చాటుకు లాక్కెళ్లాడు. ఇవతల చక్రానికి రాయి అడ్డుపెడుతున్న శ్రీకృష్ణకు వాళ్ల మాటలు వినబడ్డాయి.

"అమ్మాయ్, ఇది వెనక గదిలోది. క్వింటాలుకి ఎనిమిది కిలోలు ఎక్కువ చూపిస్తుంది. అల్లుడి విమానం మొదట్నుంచీ డ్రాయింగు ప్రకారమే ఉండుంటుందే! తెలియక తెచ్చావా?"

"తెలిసే తెచ్చాను నాన్నా."